దస్తక్ మెషీన్‌ది, దస్తఖత్ మనిషిది

తనిఖీ అన్నది తెలుగు మాట కాదంటే మా వేంపల్లె బజార్లో ఎవరూ ఒప్పుకోరు. బస్సులో టికెట్ల తనిఖీ, రేషన్ షాపులో తూకాల తనిఖీ, ఎలక్షన్లప్పుడు కార్ల తనిఖీ. కానీ ఆ మాట అసలు ఇల్లు అరబీ. తన్‌ఖీహ్ అంటే కొమ్మకున్న బెరడు గీకి, కణుపులు చెక్కి నున్నగా చేయడం. రాసిన రాతలో పొల్లు తీసేసి సాఫ్ చేయడానికి కూడా అదే మాట వాడారు. దఫ్తర్ల భాషగా దక్కన్‌కు వచ్చి, రెవెన్యూ కచేరీల్లో తిరిగి తిరిగి మన నోట్లో తనిఖీ అయింది. ఈనాటి సాఫ్ట్‌వేర్ పిల్లలు కోడ్ రివ్యూ అని పిలిచే పనికి ఇంతకన్నా సరిపోయే మాట నాకు దొరకలేదు. ఒకరు రాసిన కోడ్‌ను ఇంకొకరు చదివి, తప్పులు పట్టి, బాగుంటే మంజూరు చేయడం. మంజూరయ్యాకే అది అందరూ వాడే అసలు ప్రతిలో కలుస్తుంది.

ఇప్పుడు ఈ తనిఖీని మెషీన్‌కు అప్పగిస్తున్నారు. కుర్రాడు కోడ్ పంపగానే సర్వర్ దానంతటదే ఇంకో సర్వర్‌కు ఖబర్ పంపుతుంది. ఆ ఖబర్ పేరు వెబ్‌హుక్. అది అందుకున్న ప్రోగ్రాం కోడ్‌ను చదివి, ఏ లైన్లో ఏం బాగాలేదో రాసి పెడుతుంది. ఇడుపులపాయ మా వేంపల్లె మండలంలోనే ఉంది. 2008లో అక్కడ పెట్టిన ఆర్‌జీయూకేటీ క్యాంపస్‌లో పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లలు ఆరేళ్ళ చదువు చదువుతారు. గిట్‌హబ్ లోకానికి తెరుచుకున్నది కూడా అదే 2008లో. అలాంటి పిల్లలతో మాట్లాడినప్పుడు ఒక మాట పదేపదే వినబడుతోంది: "బాట్ చూసి గ్రీన్ టిక్ ఇచ్చేసింది కదా అన్నా, ఇంక చూసేదేముంది?" ఈ ప్రశ్నకు జవాబు కోడ్‌లో కంటే తారీఖ్‌లో బాగా దొరుకుతుంది. అందుకే ఈ వ్యాసం.

కడప బంగళాలో ముఖాబలా

అచ్చు లేని కాలంలో ఒక కితాబ్ పది ఊళ్ళకు చేరాలంటే పది మంది కాతిబ్‌లు చేత్తో రాయాలి. ఒకే మాట రెండు వరుసల్లో ఉంటే కాతిబ్ కన్ను పై వరుస నుంచి కింది వరుసకు జారుతుంది. మధ్యలో ఉన్నదంతా ఎగిరిపోతుంది. రాసినవాడికి తెలియను కూడా తెలియదు. అందుకే మన ఆలిమ్‌లు ముఖాబలా అనే పద్ధతి పెట్టుకున్నారు. నకలు పూర్తి కాగానే దాన్ని అసలు ప్రతి పక్కన పెట్టి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు పోల్చి చూడాలి. ఎంతవరకు పోల్చారో అక్కడ హాషియాలో 'బలగ' అని రాసేవాళ్ళు. ఇక్కడిదాకా చేరాం అని అర్థం. ఆ గుర్తున్న నకలుకు భరోసా ఎక్కువ.

ఇదే పని మన కడపలోనూ పెద్ద ఎత్తున జరిగింది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మొదటిసారి కడపకు వచ్చాడు. వేరే ఊళ్ళు తిరిగి మళ్ళీ వచ్చాక ఇక్కడ ఒక బంగళా కొని, పండితులనూ లేఖకులనూ జీతాలిచ్చి పెట్టుకున్నాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించేవాడు. వాటిని పక్కపక్కన పెట్టి పోల్పించి, పాఠాంతరాలు రాయించి, చివరికి ఒక సాఫ్ ప్రతి తయారు చేయించేవాడు. 1829లో అచ్చయిన వేమన పద్యాలు ఈ రకమైన శ్రమ మీదనే నిలబడ్డాయి. 1854లో ఆయన తెలుగులో కలిసిపోయిన ఉర్దూ, ఫారసీ, అరబీ వగైరా మాటలకు విడిగా ఒక నిఘంటువే వేశాడు. ఆ బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం ఉంది.

ఆ బంగళా పనిలో రెండు రకాల మెహనత్ ఉంది. ఈ ప్రతిలో ఒక అక్షరం, ఆ ప్రతిలో ఇంకో అక్షరం ఉందని పట్టుకోవడం మొదటిది. ఓపిక ఉన్న ఏ లేఖకుడైనా చేయగలడు. ఆ రెండింట్లో కవి రాసింది ఏదై ఉంటుందో తేల్చడం రెండోది. దానికి ఛందస్సు తెలియాలి, భాష తెలియాలి, కవి మిజాజ్ తెలియాలి. తేల్చినవాడు దానికి జిమ్మేదారీ కూడా మోయాలి. ఈ తేడాను మనసులో పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

డాక్‌లో వచ్చిన ఇస్లాహ్

తనిఖీ చేసేవాడూ చేయించుకునేవాడూ ఒకే కప్పు కింద ఉండనక్కర్లేదని చూపించినవాళ్ళలో మిర్జా గాలిబ్ ఒకరు. గాలిబ్ 1797లో పుట్టి 1869లో పోయారు. ఢిల్లీలోని ఉస్తాద్‌కు ఎక్కడెక్కడి శాగిర్దులో గజళ్ళు డాక్‌లో పంపేవాళ్ళు. ఆయన షేర్‌లలో ఇస్లాహ్ చేసి, ఏది ఎందుకు మార్చానో రాసి, తిరుగు డాక్‌లో పంపేవారు. సికందరాబాద్ అంటే మన హైదరాబాద్ పక్కది కాదు, ఢిల్లీ దగ్గరి సికందరాబాద్. ఆ ఊరి మున్షీ హర్‌గోపాల్ తఫ్తాకు ఆయన రాసిన ఖతులు ఉర్దూ వచనానికే నమూనా అయ్యాయి. 1854లో దూరంతో పని లేకుండా అర్ధణా స్టాంపుతో ఉత్తరం దేశంలో ఎక్కడికైనా పోయే ఏర్పాటు రావడం ఇలాంటి వాళ్ళకు పెద్ద సౌకర్యం.

దాదాపు నూట యాభై ఏళ్ళ తర్వాత లైనక్స్ కెర్నెల్ రాసేవాళ్ళు సరిగ్గా ఇదే చేస్తున్నారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ కోడ్‌కు మార్పులు ఈ రోజుకీ ఈమెయిల్‌లోనే వస్తాయి. ఉస్తాదులు ఈమెయిల్‌లోనే ఇస్లాహ్ చేస్తారు. ఈ కోడ్ ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలియాలన్న గొడవ కోర్టులదాకా పోయాక, 2004లో ఒక నియమం పెట్టారు. మార్పు రాసినవాడూ, దాన్ని ముందుకు పంపిన ప్రతివాడూ కింద 'సైన్డ్-ఆఫ్-బై' అని తన పేరు రాయాలి. హదీస్ చదివినవాళ్ళకు ఇది చూడగానే తెలిసిపోతుంది. ఫలానా వారు ఫలానా వారి నుంచి విన్నారు, వారు ఇంకొకరి నుంచి విన్నారు అనే సనద్ అది. అందులో రావీలు ఈమెయిల్ ఐడీలతో ఉన్నారు, అంతే తేడా.

దూదిలో నూగు

కంపెనీల లోపల కోడ్ తనిఖీకి ఖాయిదా రాసింది ఐబీఎంలో పనిచేసిన మైఖేల్ ఫేగన్. 1976లో ఆయన అచ్చు వేసిన పద్ధతిలో నలుగురు మనుషులు ఒక గదిలో కూర్చుంటారు. ఒకరు సభ నడుపుతారు, ఒకరు డిజైన్ చేసినవారు, ఒకరు కోడ్ రాసినవారు, ఒకరు టెస్ట్ చేసేవారు. కాగితం మీద అచ్చు వేసుకున్న కోడ్‌ను లైను లైనుగా చదువుతారు. దొరికిన ప్రతి తప్పును ఒక జాబితాలోకి ఎక్కిస్తారు. ఇది నిఖార్సయిన ముఖాబలా. ఖర్చు మాత్రం ఎక్కువ. నలుగురు జీతగాళ్ళు ఒక పూట కూర్చుంటే చదవగలిగేది కొన్ని వందల లైన్లు.

కాబట్టి మొదటి రకం మెహనత్‌ను మెషీన్‌కు ఇచ్చే ఆలోచన అప్పుడే మొదలైంది. 1970ల చివర్లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ భాష కోసం 'లింట్' అనే ప్రోగ్రాం రాశాడు. కంపైలర్ ఒప్పుకున్నా అనుమానం కలిగించే చోట్లను అది ఏరి చూపిస్తుంది. లింట్ అంటే బట్టకు అంటుకునే నూగు. కర్నూలు, కడప జిల్లాల్లో తరతరాలుగా దూది ఏకిన దూదేకుల సాయిబులకు ఈ పేరు విడమర్చి చెప్పనక్కర్లేదు. ధనుస్సు తీగ మోగుతుంటే పొట్టూ గింజముక్కలూ ఎగిరిపోయి మెత్తటి దూది మిగులుతుంది. లింట్ చేసేది ఆ ఏకే పని. ఆ దూదితో పరుపు కుట్టాలా, వత్తులు చేయాలా అన్నది తీగ చెప్పదు.

లింట్‌కు ఇప్పుడు పెద్ద ఖాన్‌దాన్ ఉంది. జావాస్క్రిప్ట్‌కు 2013లో వచ్చిన ఈఎస్‌లింట్, షెల్ స్క్రిప్టులకు షెల్‌చెక్, పైథాన్‌కు రఫ్. ఇవన్నీ మనం పిలిస్తే పలికేవే. పిలవడం మరిచిపోతే పడుకుంటాయి. మనిషి మరిచిపోయినా పిలుపు వెళ్ళేటట్టు చేసింది హుక్.

దస్తక్ కథ

ఖబర్ తెలుసుకోవడానికి రెండు దారులు. పోస్టాఫీసుకు గంటకోసారి మనిషిని పంపి "మా పేరు మీద ఏమైనా వచ్చిందా" అని అడిగించడం ఒకటి. ఉత్తరం రాగానే పోస్ట్‌మ్యాన్ మన దర్వాజా మీద దస్తక్ ఇవ్వడం ఇంకొకటి. కంప్యూటర్లలో మొదటిదాన్ని పోలింగ్ అంటారు. 2005లో కొహ్సుకే కవాగుచి తెచ్చిన హడ్సన్, 2011లో జెన్‌కిన్స్‌గా పేరు మార్చుకున్న ఆ ఆటోమేషన్ సర్వర్, చాలా చోట్ల ఇలాగే నడిచేది. ఐదు నిమిషాలకోసారి కోడ్ భాండారాన్ని అడుగుతుంది, కొత్తది ఉంటే టెస్టులు మొదలుపెడుతుంది. కొత్తది లేకపోతే ఆ అడగడమంతా వృథా.

దస్తక్ పద్ధతి కూడా పాతదే. 1990ల నాటి సీవీఎస్‌లో ఎవరైనా కోడ్ చేర్చగానే ఒక కమాండ్ నడిపే వీలుండేది. 2000లో మొదలైన సబ్‌వర్షన్‌లో హుక్స్ అనే ఫోల్డరే ఉంది. 2005లో వచ్చిన గిట్‌లోనూ ఉంది. కానీ ఆ హుక్ పనిచేసేది కోడ్ దాచిన సర్వర్ లోపలే. సర్వర్ మీద అధికారం లేనివాడికి అది అందదు. 2007లో జెఫ్ లిండ్సే ఈ హుక్‌ను గోడ దాటించే ఆలోచనకు వెబ్ హుక్స్ అని పేరు పెట్టి ప్రచారం చేశాడు. ఏదైనా జరిగినప్పుడు సర్వర్ మనం ఇచ్చిన అడ్రస్‌కు ఒక మామూలు హెచ్‌టీటీపీ పోస్ట్ పంపాలి, అంతే. చెల్లింపు జరగగానే దుకాణదారుడి సర్వర్‌కు పేపాల్ పంపే నోటీసు అంతకుముందు నుంచే ఈ దారిలో నడుస్తోంది. గిట్‌హబ్ ఈ పద్ధతిని తొలి రోజుల్లోనే అందుకుంది. 2011లో వచ్చిన ట్రావిస్ సీఐ లాంటి సేవలు దీని మీదే బతికాయి. 2012లో గిట్‌హబ్ ఇంకో మెట్టు ఎక్కింది. బయటి ప్రోగ్రాం తన తనిఖీ ఫలితాన్ని తిరిగి ఆ కోడ్ పక్కనే టిక్‌గానో క్రాస్‌గానో గుర్తు పెట్టే వీలు ఇచ్చింది. పాత కాతిబ్ హాషియాలో రాసిన 'బలగ' మళ్ళీ పుట్టినట్టయింది.

సనద్ చూశాకే మతన్

ఇక సెట్ చేసే పద్ధతి. గిట్‌హబ్‌లో మీ రిపాజిటరీ సెట్టింగ్స్‌లో వెబ్‌హుక్స్ అని ఉంటుంది. అక్కడ నాలుగు సంగతులు నింపాలి. ఖబర్ చేరాల్సిన అడ్రస్. ఖబర్ రూపం, అక్కడ జేసన్ ఎంచుకోండి. ఒక సీక్రెట్. చివరిగా ఏ ఏ సంఘటనలకు ఖబర్ కావాలో. కోడ్ తనిఖీకి కావాల్సింది పుల్ రిక్వెస్ట్ ఒక్కటే. పుల్ రిక్వెస్ట్ అంటే "నా మార్పును అసలు ప్రతిలో కలపండి" అనే అర్జీ. అర్జీ కొత్తగా తెరిచినప్పుడు, దానికి కొత్త కోడ్ జోడించినప్పుడు, మూసినది మళ్ళీ తెరిచినప్పుడు మీ ప్రోగ్రాం లేస్తే చాలు. మిగతావాటికి ఊరుకోవచ్చు. సేవ్ చేయగానే గిట్‌హబ్ 'పింగ్' అని ఒక సలాం పంపుతుంది. దానికి జవాబు వెళితే దారి బాగున్నట్టు.

ఇక్కడే హదీస్ ఇల్మ్ పనికొస్తుంది. ఇమామ్ బుఖారీ కాలం నుంచీ, అంటే తొమ్మిదో శతాబ్దం నుంచీ, ముహద్దిసీన్ ఒక రివాయత్ వినగానే రెండు ప్రశ్నలు అడిగారు. ఎవరు తెచ్చారు? ఏం తెచ్చారు? మొదటిది సనద్, రెండోది మతన్. సనద్ తేలకుండా మతన్‌ను ఒప్పుకోలేదు. మీ వెబ్‌హుక్ అడ్రస్ ఇంటర్‌నెట్‌లో అందరికీ తెరిచిన దర్వాజా. ఎవడైనా వచ్చి "నేను గిట్‌హబ్‌ను" అని దస్తక్ ఇవ్వొచ్చు. కాబట్టి గిట్‌హబ్ ప్రతి ఖబర్ మీద ఒక మొహర్ వేస్తుంది. ఆ హెడర్ పేరు ఎక్స్-హబ్-సిగ్నేచర్-256. మీరిద్దరికే తెలిసిన సీక్రెట్‌తో ఖబర్ మొత్తాన్ని కలిపి లెక్కగట్టిన ముద్ర అది. ఈ లెక్క పేరు హెచ్‌మ్యాక్. దీన్ని 1996లో బెల్లారే, కనెట్టి, క్రాచిక్ అనే ముగ్గురు ప్రకటించారు. మీ ప్రోగ్రాం అదే లెక్క తాను వేసుకొని రెండూ సరిపోతేనే లోపలికి రానివ్వాలి. పోల్చేటప్పుడు మామూలు రెండు ఈక్వల్ గుర్తులు వాడొద్దు. ఎన్నో అక్షరం దగ్గర తేడా వచ్చిందో జవాబుకు పట్టిన సమయాన్ని బట్టి దొంగ ఊహించగలడు. పైథాన్‌లో హెచ్‌మ్యాక్ లైబ్రరీలోనే కంపేర్-డైజెస్ట్ అనే ఫంక్షన్ దీనికోసమే ఉంది.

తెలుగు రాసేవాళ్ళకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన గుంట ఉంది. మొహర్ లెక్క వచ్చిన బైట్ల మీద, వచ్చింది వచ్చినట్టుగా వేయాలి. చాలామంది ముందు జేసన్‌ను విప్పి, మళ్ళీ మడిచి, దాని మీద లెక్క వేస్తారు. అర్జీ పేరు ఇంగ్లీషులో ఉంటే ఒక్కోసారి అదృష్టం కొద్దీ సరిపోవచ్చు. అర్జీ పేరు "తెలుగు ఫాంట్ సరిచేశాను" అని ఉంటే మళ్ళీ మడిచేటప్పుడు తెలుగు అక్షరాలు సంకేత సంఖ్యలుగా మారిపోవచ్చు. అప్పుడు నిజమైన ఖబర్ కూడా నఖిలీగా తేలుతుంది. కవర్ చింపకముందే మొహర్ చూడాలన్న పాత మున్షీల నియమమే ఇక్కడా వర్తిస్తుంది.

సనద్ తేలాక పది సెకన్ల లోపల "అందింది" అని జవాబివ్వాలి. అంతకుమించితే గిట్‌హబ్ ఆ ఖబర్ చేరలేదని రాసుకుంటుంది. తనిఖీకి నిమిషాలు పట్టొచ్చు కాబట్టి ముందు రసీదు ఇచ్చి, పనిని వరుసలో పెట్టి, తర్వాత తీరిగ్గా చేసుకోవాలి. ప్రతి ఖబర్‌కూ ఒక నంబర్ ఉంటుంది. దాన్ని రాసి పెట్టుకుంటే ఒకే ఖబర్ రెండుసార్లు వచ్చినా కామెంట్లు రెండుసార్లు పడవు.

ఇంట్లో లాప్‌టాప్ మీద ఇది నడపాలనుకునేవాళ్ళకు ఇంకో చిక్కు. మొబైల్ డేటాలో మనకు సొంత పబ్లిక్ అడ్రస్ సాధారణంగా ఉండదు. ఒకే అడ్రస్ వెనుక ఎందరో ఉంటారు. పోస్ట్‌మ్యాన్‌కు వీధి తెలుసు, ఇల్లు తెలియదు. నేర్చుకునేటప్పుడు ఎన్‌గ్రాక్ లాంటి టన్నెల్ సరిపోతుంది. ఎప్పుడూ నడవాలంటే చిన్న సర్వర్ అద్దెకు తీసుకోవడమే మేలు. కరెంటు పోయి మెషీన్ ఆగిన వేళ వచ్చిన ఖబర్లను గిట్‌హబ్ తనంతట తాను మళ్ళీ పంపదు. అందుకని మీ ప్రోగ్రాం లేవగానే ఒకసారి తెరిచి ఉన్న అర్జీలన్నీ అడిగి, తనిఖీ కానివాటిని ఏరుకోవాలి. దస్తక్ మీద ఆధారపడ్డవాడు కూడా రోజుకోసారి పోస్టాఫీసుకు వెళ్ళి రావడం మంచిదని దీని సారాంశం.

మొహర్ సరిపోయినా

మొహర్ సరిపోయిందంటే ఖబర్ తెచ్చినవాడు నిజమైనవాడని తేలుతుంది. లోపల ఉన్న కోడ్ మంచిదని కాదు. ఈ రెండూ కలిసిపోతే ఏమవుతుందో ఈ మధ్యే లోకం చూసింది.

ఎక్స్‌జెడ్ అనేది లైనక్స్ సిస్టమ్‌లలో ఫైళ్ళను కుదించే చిన్న పనిముట్టు. దాన్ని ఒకే ఒక్క మనిషి, అలసిపోయి, ఏళ్ళ తరబడి మోస్తూ వచ్చాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి రెండేళ్ళకు పైగా ఓపికగా మంచి పనులు చేసి భరోసా సంపాదించారు. చివరికి తాళం చెవి చేతికొచ్చాక అందులో దొంగదారి పెట్టారు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ దాన్ని బయటపెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు దాదాపు అరసెకను ఎక్కువ పడుతోందేమిటని ఆయనకు కలిగిన అనుమానమే ఆధారం. దొంగ ఆ విషాన్ని టెస్ట్ ఫైళ్ళలో దాచాడు. దాన్ని నిద్రలేపే ముక్కను మాత్రం గిట్‌లో పెట్టకుండా, విడుదల చేసే ప్యాకెట్‌లోనే పెట్టాడు. రిపాజిటరీ దర్వాజాకు ఎన్ని హుక్‌లు తగిలించినా ఆ ముక్క వాటి కంట పడేది కాదు.

2025 మార్చిలో ఇంకొకటి. గిట్‌హబ్‌లో 23 వేలకు పైగా రిపాజిటరీలు వాడుతున్న టీజే-యాక్షన్స్ అనే ఆటోమేషన్ ముక్కను ఎవరో మార్చేశారు. ఏయే ఫైళ్ళు మారాయో తేల్చి చెప్పడం దాని పని, అంటే తనిఖీకి తొలి మెట్టు. అదే ఇంటి సీక్రెట్లను లాగ్‌లోకి కక్కడం మొదలుపెట్టింది. తనిఖీదారుడికి ఇచ్చిన అధికారాలే దొంగకు చిక్కాయి. అందుకే మీ బాట్‌కు కోడ్ చదివే హక్కు, కామెంట్ రాసే హక్కు తప్ప ఏమీ ఇవ్వొద్దు. ముక్కూ మొహం తెలియనివాడి అర్జీలోని కోడ్‌ను మీ సీక్రెట్లు ఉన్న చోట ఎప్పుడూ నడపొద్దు. చదవడం వేరు, నడపడం వేరు.

ఎవరి దస్తఖత్?

ఈ పనిలో తలపండినవాళ్ళు మెషీన్‌కు ఏ దర్జా ఇచ్చారో చూడండి. గూగుల్‌లో ఆండ్రాయిడ్ కోసం 2008లో తయారైన గెర్రిట్‌లో రెండు వేర్వేరు మొహర్లు ఉంటాయి. వెరిఫైడ్ అనేది ఒకటి, కోడ్-రివ్యూ అనేది ఇంకొకటి. మన తెలుగు వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్ 2012లో గెర్రిట్‌కు మారింది. అక్కడ జెన్‌కిన్స్-బాట్ టెస్టులు నడిపి వెరిఫైడ్ మొహర్ వేస్తుంది. కోడ్-రివ్యూ మొహర్ మనిషి వేయాల్సిందే. లైనక్స్ కెర్నెల్‌కు ఇంటెల్ వాళ్ళ రోబోట్ ఒకటి రేయింబవళ్ళు కాపలా కాస్తూ తప్పులు దొరికితే ఈమెయిల్ పంపుతుంది. దాన్ని సరిచేసినప్పుడు తన పేరు 'రిపోర్టెడ్-బై' అని రాయమని అడుగుతుంది. అంటే ముఖ్‌బిర్‌గానే తప్ప తస్దీఖ్ చేసినవాడిగా కాదు.

2018లో సత్య నాదెళ్ళ నాయకత్వంలో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు గిట్‌హబ్‌ను కొన్నది. ఆ గిట్‌హబ్ 2025లో విస్తృతంగా అందుబాటులోకి తెచ్చిన కోపైలట్ ఏఐ రివ్యూ కూడా ఇదే హద్దులో నిలబడింది. అది కామెంట్లు రాస్తుంది. మంజూరు మాత్రం చేయదు. కావాల్సిన ఆమోదాల లెక్కలో దాని మాట చేరదు. ఆటోమేషన్ చేత మంజూరు చేయించే సెట్టింగ్ ఒకటి గిట్‌హబ్‌లో ఉన్న మాట నిజమే. ఒక్క టిక్ పెడితే చాలు. ఆ టిక్ పెట్టకండి.

కడప బంగళాలోని రెండు మెహనత్‌లు గుర్తున్నాయి కదా. తేడా ఎక్కడుందో పట్టుకునే మొదటి మెహనత్‌ను మెషీన్ మనకంటే బాగా చేస్తుంది. అది అలిసిపోదు, రాత్రి రెండు గంటలకు హాస్టల్ గదిలోంచి పంపినా చదువుతుంది. పంపినవాడి పేరు, మజ్హబ్, ఊరు, యాస చూసి మొహం మార్చుకోదు. ఉస్తాద్ దొరకని ఊళ్ళ పిల్లలకు, ముఖ్యంగా పేరు చూసి పక్కన పెడతారేమోనన్న భయంతో పెరిగిన మా పిల్లలకు, ఇది చిన్న రహ్మత్ కాదు. తప్పు రాసి పదిమంది ముందు షర్మిందా కాకుండా ఒంటరిగా దిద్దుకునే అవకాశం అది. ఏఐ వచ్చాక ఇది రెండో మెహనత్ అంచులదాకా కూడా వచ్చింది. "ఈ ఫంక్షన్ ఎందుకు ఇలా రాశావు" అని అడుగుతోంది, ఒక్కోసారి సరిగ్గానే అడుగుతోంది. లేని తప్పును ధీమాగా చూపించడమూ చేస్తోంది.

కానీ రేపు ఆ కోడ్ వల్ల ఎవరి పెన్షన్ డబ్బో తప్పు ఖాతాలో పడితే, ఎవరి ఆసుపత్రి రిపోర్టో తారుమారైతే, జవాబు చెప్పడానికి గ్రీన్ టిక్ రాదు. జవాబుదారీ ఒక పేరు మీదే ఉండాలి. సూరహ్ హుజురాత్‌లో ఖబర్ వస్తే తహ్ఖీఖ్ చేసుకోమన్న ఆదేశం ఖబర్ విన్న మనుషులకే ఉంది. దాన్ని ఇంకొకరికి బదిలీ చేసే వీలు నాకైతే కనబడదు.

ఇడుపులపాయ పిల్లలకైనా, వేరే ఊళ్ళో కూర్చుని ఇది చదువుతున్నవాళ్ళకైనా నా సలహా ఒకటే వరుసలో ఉంటుంది. ముందు హుక్ తగిలించండి. లింట్, టెస్టులు, కావాలంటే ఏఐ కామెంట్లు, అన్నీ మనిషి కంటే ముందు పూర్తి కావాలి. కామాలు, ఖాళీలు, వాడని వేరియబుల్స్ గురించి సీనియర్ సమయం ఖర్చు కాకూడదు. తర్వాత బ్రాంచ్ ప్రొటెక్షన్‌లో కనీసం ఒక మనిషి ఆమోదం తప్పనిసరి అని షరతు పెట్టండి. మీ టీమ్ ఇద్దరిదే అయినా సరే, ఒకరిది ఇంకొకరు చదవండి. చదివినవాళ్ళు ఓకే అనే రెండక్షరాలతో ఆపకుండా, ఏం చూశారో, ఏది అర్థం కాలేదో ఒక్క వాక్యమైనా రాయండి. గాలిబ్ తన శాగిర్దులకు చేసింది అదే. మార్చి ఊరుకోలేదు, ఎందుకు మార్చారో కూడా రాశారు. ఆ ఒక్క వాక్యం దగ్గరే జూనియర్ నేర్చుకుంటాడు, సీనియర్ పేరు పూచీ అవుతుంది.